కంచె వెయ్యని మడి

ఫారంలో పదకొండో గడి దగ్గర సుధాకర్ కలం ఒక్క క్షణం ఆగింది. 'ఇంట్లో మాట్లాడే భాష' అని ఉందక్కడ. ఆగినట్టు పక్కనే నిలబడ్డ ఫణీంద్రకు కూడా తెలియలేదు. 'తెలుగు' అని రాసి, సంతకం పెట్టి ఇచ్చేశాడు. ముప్ఫై ఏళ్లుగా ఏ ఫారం వచ్చినా అదే రాస్తున్నాడు మరి, చెయ్యి అలవాటు పడిపోయింది.

విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా ఉన్న కొండ మీద వాళ్ల ప్రయోగశాల. చచ్చిపోయిన భాషల్ని మళ్లీ మాట్లాడించడం వాళ్ల పని. పెద్దావిడ డాక్టర్ హైమవతి మెదడు వైద్యురాలు. సుధాకర్ భాషాశాస్త్రవేత్త. ఫణీంద్ర యంత్రం చూసుకునేవాడు. ముగ్గురూ కలిసి ఆరేళ్లుగా పట్టుకు వేలాడుతున్నది జుర్చెన్ భాషను.

ఆ జుర్చెన్ల కథ చెప్పమంటే సుధాకర్‌కు ఎక్కడలేని హుషారూ వచ్చేది. చైనాకు ఈశాన్యాన అడవుల్లో, నదుల వెంట బతికిన జనం. తొమ్మిది వందల ఏళ్ల కిందట గుర్రాలెక్కి వచ్చి సగం చైనాను ఏలారు. సొంత లిపి చేయించుకున్నారు. తీరా గద్దె దక్కాక, తాము ఏలుతున్నవాళ్ల మాటే వాళ్లకు మోజయింది. మన మాట మరిచిపోతే మన మూలం మరిచిపోయినట్టేనని వాళ్ల రాజొకడు కొడుకుల్ని కూర్చోబెట్టి చివాట్లు కూడా పెట్టాడు. ఎవరు వింటారు? మూడొందల ఏళ్లు తిరిగేసరికి వాళ్ల పెద్దలే చైనా చక్రవర్తికి ఉత్తరం పెట్టుకున్నారు, మా లిపి చదవగలిగినవాడు మాలో లేడు, ఇకమీదట మంగోలు లిపిలో రాసి పంపించండి బాబూ అని. మరో రెండొందల ఏళ్లకు ఆ పేరే వద్దన్నారు. జుర్చెన్ అనకండి, మంచూ అనండి అని వాళ్ల రాజే ఆజ్ఞ వేశాడు.

"తన పేరు తానే చెరుపుకున్న జనం! ఎంత సిగ్గుమాలినతనమో చూడండి," అని సుధాకర్ క్లాసులో అనేవాడు. పిల్లలు నవ్వేవాళ్లు. అతనూ నవ్వేవాడు.

రాళ్ల మీద శాసనాలు, చైనా గుమాస్తాలు ఎప్పుడో రాసిపెట్టిన మాటల పట్టికలు, వేలువిడిచిన చుట్టంలాంటి మంచూ భాష, అన్నీ కలిపి కంప్యూటర్లో పోసి ఆ భాషకు ఎముకలగూడు నిలబెట్టారు. అది మాట్లాడేది కూడాను. ఎలా మాట్లాడేది? రైల్వే స్టేషన్లో మైకు మాట్లాడినట్టు. దానికి విసుక్కోవడం రాదు, ముద్దు చెయ్యడం రాదు, తుమ్ము వచ్చినప్పుడు ఏమనాలో తెలియదు. భాష అన్నాక ఒక మనిషి బుర్రలో వేళ్లూనాలి, ఆ మనిషి దాన్లో కల కనాలి అని హైమవతి పట్టు. అందుకు ఆవిడ తయారు చేసిన యంత్రానికి నారుమడి అని పేరు పెట్టుకున్నారు. తలకు టోపీలా తొడిగితే సన్నటి తీగలు వేల కొద్దీ పుర్రెను అంటుకుని ఉంటాయి. నెల్లాళ్లు అక్కడే పడుకోవాలి. కంప్యూటర్లోని భాష కొంచెం కొంచెంగా మెదడులోకి దిగుతుంది.

అయితే నాటే ముందు కంచె వెయ్యాలి. మనిషికి వచ్చిన ప్రతి భాషలోనూ, ఆ భాషలో తను నిజంగా ఎవరితో మాట్లాడతాడో ఆ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి గంటసేపు కబుర్లు చెప్పించాలి. అప్పుడు మెదడులో ఎక్కడెక్కడ దీపం వెలిగిందో యంత్రం గుర్తు పెట్టుకుని అక్కడ కంచె వేస్తుంది. కంచె లేని చోటల్లా దానికి బీడే. బీడు కనపడితే నారు ఊరుకోదు, అక్కడున్నదాన్ని తోసేసి పాతుకుపోతుంది.

నేనే కూర్చుంటానని సుధాకర్ ముందుకొచ్చాడు. జుర్చెన్ వ్యాకరణం అతనికన్నా తెలిసినవాడు లేడు. ఇంగ్లీషుకు హైమవతి, హిందీకి గేటు దగ్గరి కాపలా మనిషి, తెలుగుకు ఫణీంద్ర ఎదురుగా కూర్చుని కబుర్లాడారు. మూడు కంచెలూ పడ్డాయి.

"ఇంకేమీ లేదు కదా? చిన్నప్పటి జోలపాటైనా సరే, తిట్టైనా సరే, మరో భాషలో ఉంటే చెప్పండి," అని హైమవతి అడిగింది.

లేదన్నాడు. ఆవిడ మళ్లీ అడిగింది. మళ్లీ లేదన్నాడు.

ఉందండీ. ఎందుకు లేదు? ఇంట్లో వంటింటి గుమ్మం దగ్గర కూర్చుని ఉంది.

ఆమె పేరు బుదరి. బుధవారం పుట్టింది కాబట్టి బుదరి. సాలూరు అవతల కొండల్లో వాళ్ల గూడెం. గదబలు, గదబ అనే సొంత మాట ఉన్న కొండజాతి. వాళ్ల గూడెంలో పుట్టిన వారమే పేరు. సుధాకర్ శుక్రవారం పుట్టాడు, సుక్రు అన్నారు. హాస్టల్లో పిల్లలు ఆ పేరుకూ ఆ యాసకూ విరగబడి నవ్వితే, పదో తరగతి ఫారంలో తనే సుధాకర్ అని రాసేసుకున్నాడు. పేరు చెరుపుకోవడానికి జుర్చెన్లకైతే రాజాజ్ఞ కావలసి వచ్చింది, ఈ పెద్దమనిషికి పదో తరగతి ఫారం సరిపోయింది.

తల్లి పోయినప్పుడు అతనికి నాలుగేళ్లు. అక్క బుదరే పెంచింది. తట్టలో పెట్టుకుని కొండ దిగి సంతకు తీసుకెళ్లింది, జ్వరమొస్తే రాత్రంతా ఒళ్లో పెట్టుకుంది, బడికి పోనంటే ఈతబరిక తీసుకుంది. మొగుడు పోయాక ఆమెను తనే పట్నం తెచ్చుకున్నాడు. ఆ మాటకొస్తే ప్రేమ లేని మనిషి కాదు. ఇంట్లో తలుపులు మూసుకుంటే ఇద్దరూ గదబలోనే మాట్లాడుకునేవాళ్లు. గూడెంలో కూడా అప్పటికి పిల్లలంతా తెలుగులోకి మళ్లిపోయారు. బుదరికి నోరారా మాట్లాడుకోవడానికి లోకంలో మిగిలినవాడు తమ్ముడొక్కడే.

ఆ మాటలో ఆమె పెద్ద గయ్యాళి. తమ్ముణ్ణి ఏకి పారేసేది. అన్నం పెట్టే ముందు వాళ్లింట్లో ఒక వేళాకోళం ఉంది, తల్లి నాటి నుంచీ వస్తున్నది. గరిటె పైకెత్తి, "ఎవరింటి కోడి ఇది, మా గుమ్మంలోకొచ్చింది?" అని ఆమె అడగాలి. "మీ ఇంటిదే, గింజలెయ్యి," అని అతను అనాలి. అనేదాకా గరిటె కిందికి దిగదు. నలభై రెండేళ్లొచ్చినవాడు, పేరున్న శాస్త్రవేత్త, రోజూ ఆ మాట అనే అన్నం తినేవాడు.

తెలుగులో మాత్రం బుదరి వేరే మనిషి. ఆమె తెలుగు నేర్చుకున్నది సంతలో షావుకార్ల దగ్గర, అడవి గార్డుల దగ్గర, ఆస్పత్రి వరండాల్లో. అక్కడ 'నువ్వు' అన్నది వాళ్లు ఆమెను అనే మాట, ఆమె వాళ్లను అనే మాట కాదు. తెలుగు నోట్లోకి రాగానే భుజాలు ముడుచుకుపోయేవి, 'తవరు', 'బాబూ' తప్ప ఇంకోటి వచ్చేది కాదు.

పట్నం వచ్చిన కొత్తలోనే అతను ఆమెకు నేర్పాడు, ఎవరైనా అడిగితే మాది తెలుగే అని చెప్పమని. చెవులకు తగిలించుకునే బరువు రింగులు కూడా తీసేయమన్నాడు. తీసేసింది. సాగిన తమ్మెలు మాత్రం ఎక్కడికి పోతాయి? ఒకసారి ఫణీంద్రవాళ్లు భోజనానికి వచ్చారు. వెదురు కొమ్ముల కూర తిని, మీ వంటావిడ చెయ్యి అమృతం సార్ అన్నాడు ఫణీంద్ర. 'మా అక్కయ్య' అనడానికి రెండే మాటలు. 'అవునవును' అనడానికీ రెండే. రెండోదే అన్నాడు సుధాకర్. గుమ్మం అవతల బుదరి వింది. ఆ సంగతి ఆమె ఏనాడూ ఎత్తలేదు. కాకపోతే ఆనాటి నుంచి ఇంటికెవరొచ్చినా తనే కొంగు తల మీదికి లాక్కుని వంటింటి గోడ వారగా నిలబడేది. అలా నిలబడ్డప్పుడల్లా అతనికి తల కొట్టేసినట్టుండేది. ఉండి ఏం లాభం, ఒక్కసారీ నోరు విప్పలేదు.

కంచె వెయ్యాలంటే ఇప్పుడు ఆమెను ప్రయోగశాలకు తీసుకురావాలి. ఫణీంద్ర ఎదురుగా కూర్చోబెట్టాలి. ఆమె ఇతన్ని సుక్రూ అని పిలిచి, గంటసేపు గదబలో ఏకిపారెయ్యాలి. అది ఊహించుకుంటేనే చెమటలు పట్టాయి. ఎప్పుడో చిన్నప్పటి మాట, దాన్నేం చేస్తుందిలే యంత్రం అనుకున్నాడు. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్న బాపతు. అలా రాశాడు ఆ 'తెలుగు' అన్న మాట.

నెల్లాళ్లూ అయ్యాయి. పదో రోజు నుంచే అతను కలలో మంచుగట్టిన నదుల మీద నడిచాడు. ఇరవయ్యో రోజున కాలికి మంచంకోడు తగిలితే జుర్చెన్‌లో తిట్టాడు. హైమవతి కళ్లనీళ్లు పెట్టుకుంది. ఐదొందల ఏళ్లలో ఆ భాషలో ఎవడికైనా కోపం రావడం అదే మొదలు. నిప్పు చూపిస్తే 'తొవెయ్' అన్నాడు, నీళ్లు చూపిస్తే 'ము' అన్నాడు. వెతుక్కోకుండా, తడుముకోకుండా అన్నాడు. తెలుగు, ఇంగ్లీషు, హిందీ ఎక్కడివక్కడ పదిలంగా ఉన్నాయి. ఫణీంద్ర లడ్డూలు పంచాడు.

ముప్ఫై ఒకటో రోజు మధ్యాహ్నం ఇంటికొచ్చాడు. ఇంత పొంగు, ఇంత ఆనందం ఆ మనిషి జన్మలో ఎరగడు. బుదరి తలుపు తీసి గడగడా ఏదో అంది. అతను నవ్వుతూ లోపలికి వచ్చాడు. చోడి అంబలి వాసన, ఇంగువ లేని పప్పు వాసన, అన్నీ తెలుస్తున్నాయి. ఆమె ఇంకా ఏదో అంటోంది. అలసటేమో, సరిగా వినలేదనుకున్నాడు. పీట మీద కూర్చున్నాడు.

బుదరి గరిటె పైకెత్తింది. అడిగింది.

అడిగిందేమిటో అతనికి తెలుసు. కోడి సంగతని తెలుసు, ఏమని బదులివ్వాలో కూడా తెలుసు. కానీ ఆమె నోట్లోంచి వచ్చిన దాంట్లో కోడి ఏదో, గుమ్మం ఏదో తెలియలేదు. రోజూ నడిచే మెట్టు చీకట్లో ఒకటి తగ్గినట్టు కాలు గాల్లో ఉండిపోయింది. బదులు చెబుదామని నోరు తెరిచాడు. నాలుక మీద జుర్చెన్ మాటలు బిలబిలమంటూ వచ్చి నిలబడ్డాయి. వాటిని వెనక్కి నెట్టి వెతికాడు. వాటి వెనక ఏమీ లేదు.

"మీ ఇంటిదే, గింజలెయ్యి," అన్నాడు చివరికి తెలుగులో.

బుదరి నవ్వింది, వేళాకోళం అనుకుని. గరిటె దించలేదు. మళ్లీ అడిగింది. అతను మళ్లీ తెలుగులోనే అన్నాడు. మూడోసారి అడిగేటప్పటికి గొంతులో వేళాకోళం పోయింది. నాలుగోసారి ఆమె అడగలేదు. గరిటె పట్టుకున్న చెయ్యి మెల్లగా కిందికి దిగింది.

"ఏటయినాది బాబూ?" అంది, తెలుగులో.

తమ్ముణ్ణి ఆమె బాబూ అనడం అదే మొదటిసారి.

తరవాత పది రోజులూ పేపర్లవాళ్లు, టీవీలవాళ్లు. దేశదేశాల పండితులు తెరల మీద ప్రత్యక్షమై ప్రశ్నలు వేశారు. అతను జుర్చెన్‌లో జవాబులు చెప్పాడు, జోకులు వేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అమ్మను ఏమంటారని ఒకరడిగితే 'ఎనిన్' అన్నాడు. అన్న మరుక్షణం, తన అమ్మను తను ఏమని పిలిచేవాడో గుర్తు రాక మాట ఆగిపోయింది. తల్లి మొహం గుర్తుంది, పిలుపు లేదు. చూస్తున్నవాళ్లు అతనికి ఉద్వేగం వచ్చిందనుకుని మరింత గట్టిగా చప్పట్లు కొట్టారు.

ఇంట్లో బుదరి నెమ్మదిగా మాట మానేసింది. తమ్ముడితో తెలుగులో పోట్లాడటం ఆమెకు చేతకాదు. ఆలస్యంగా వస్తే తిట్టేది కాదు. అన్నం వదిలేస్తే గిన్నె తీసేసేది. అతను అడిగినదానికి "అలాగే బాబూ" అనేది. ఒకరోజు అతను గ్లాసు పట్టుకుని, దీన్ని ఏమంటాం చెప్పక్కా, నేర్చుకుంటాను అన్నాడు. ఆమె చెప్పింది. అతను పలికాడు. సంతలో షావుకారు వాళ్ల మాటను ఎగతాళికి పలికినట్టే ఉంది అది, అచ్చంగా. బుదరి మొహం పక్కకు తిప్పుకుంది. అతను మళ్లీ అడగలేదు.

ఇంటికొచ్చిన పన్నెండో రోజు పొద్దున్నే వెళ్లి హైమవతి ముందు నిలబడ్డాడు. ఫణీంద్ర కూడా అక్కడే ఉన్నాడు. అతన్ని బయటికి పంపమని అడుగుదామనుకుని, అడగలేదు. ఆ మాత్రం శిక్ష పడాలనిపించింది. పదకొండో గడిలో అబద్ధం రాశానన్నాడు. మాకు ఇంట్లో గదబ ఉండేదన్నాడు.

"రెండుసార్లు అడిగాను కదండీ," అంది హైమవతి.

"అడిగారు."

"ఎవరితో మాట్లాడేవారు?"

నేల మీద గచ్చు చూస్తూ చెప్పాడు, ఇంట్లో మీరు చూశారే, ఆవిడతో అని. వంటావిడతోనా సార్ అని ఫణీంద్ర అమాయకంగానే అడిగాడు. సుధాకర్ ఔననీ కాదనీ అనలేదు. చూడండి మనిషి బుద్ధి! అంత దూరం వచ్చి, అంత చెప్పి, ఆ ఒక్క మెట్టు దగ్గర మళ్లీ ఆగిపోయాడు.

హైమవతి తెరల మీద అతని మెదడు పటాలు తెరిచి చూసింది. జుర్చెన్ వేళ్లూనిన చోటు చూపించింది. ఎంత ఏపుగా పట్టిందో చూశారా, ఇంత సారవంతమైన చోటు బీడు ఎలా అవుతుందని నాకే అనుమానం రావలసింది అంది. కావాలంటే జుర్చెన్‌ను పెరికేయవచ్చు. దాని అడుగున పాతది మాత్రం దొరకదు. దారి ఒక్కటే ఉంది. ఆ మాట వచ్చిన మనిషి నెలా రెండు నెలలు కూర్చుని యంత్రానికి మాట్లాడిపెడితే, దాన్నే నారుగా పోసి మళ్లీ నాటి చూడవచ్చు. పూర్తిగా రాకపోవచ్చు, కొంతైనా రావచ్చు.

పెరికేయండి అన్నాడు సుధాకర్. ఆరేళ్ల పని, దేశదేశాల పేరు, అన్నీ పోతాయని ఆవిడ గుర్తు చేసింది. పోనివ్వండి అన్నాడు. ఆ మాట మాత్రం తడబడకుండా అన్నాడు.

మర్నాడు బుదరిని తీసుకొచ్చాడు. కారులో దారిపొడుగునా ఆమె కొంగు వేలికి చుట్టుకుంటూనే ఉంది. ఎందుకు వెళ్తున్నామో అతను తెలుగులో రెండుసార్లు చెప్పాడు. అలాగే బాబూ అంది. ఆమెకు ఎంత అర్థమైందో అతనికి తెలియలేదు. నీ మాట మాకు కావాలి అన్నాడే కానీ, నేను పాపం చేశానక్కా అని ఏ భాషలోనూ అనలేకపోయాడు.

చల్లటి గది. తెల్లకోట్లు. బుదరి కుర్చీ అంచున కూర్చుంది. ముందు మైకు పెట్టారు. నియమం ప్రకారం ఫారం నింపాలి. ఆవిడే చెప్పాలి, మీరు పలకకూడదు అని హైమవతి సుధాకర్‌ను గోడ పక్కకు పంపించింది. ఊరు, వయసు అయ్యాక పదకొండో గడి వచ్చింది.

"ఇంట్లో మీరు మాట్లాడే భాష ఏదమ్మా?" అని హైమవతి మెత్తగా అడిగింది.

బుదరి తమ్ముడి వైపు చూసింది. ఫణీంద్రను చూసింది, తెల్లకోట్లను చూసింది. సాగిన చెవి తమ్మెల మీదికి కొంగు లాక్కుంది. చేతులు రెండూ జోడించింది.

"తెలుగేనమ్మా," అంది.

సుధాకర్ గోడకు ఆనుకున్నాడు. హైమవతి కలం ఆపి, పరవాలేదు, భయపడకండి అంది. ఈయన మీకేమవుతారు అని అడిగింది.

"మా బాబుగారండి. నాను వొంట సేత్తానమ్మా. మా బాబుగారు సానా మంచోరు. ఏటీ దాసరు. తెలుగేనండి, మాది తెలుగే."

అతను నేర్పిన పాఠమే. ఒక్క మాట పొల్లు పోలేదు. నలుగురిలో తమ్ముడి పరువు పోతుందేమోనని, తను పెంచిన పిల్లాడికి తను ఏమీ కానని చెప్పింది. సుధాకర్‌కు భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. అలాంటప్పుడు భూమి ఎవరికీ దారి ఇవ్వదు. అడుగు ముందుకు వేశాడు, వెళ్లి ఆమె కుర్చీ దగ్గర నేల మీద కూర్చున్నాడు.

"మా అక్కండి," అన్నాడు. "మా సొంత అక్క. నన్ను పెంచింది. నా పేరు సుక్రు."

ఫణీంద్ర తల దించుకున్నాడు. బుదరి తమ్ముడి తల మీద చెయ్యి వేసి, చిన్నగా ఒక్క వాక్యం అంది. పట్టుమని నాలుగైదు మాటలు ఉంటాయి. అది తెలుగు కాదు. అంతే, మళ్లీ నోరు విప్పలేదు. హైమవతి ఎంత బతిమాలినా, నీళ్లు తాగి మళ్లీ మొదలెడదామన్నా, చేతులు జోడించి కూర్చుంది. ఆఖరికి ఒక్కటే అంది, ఎవులితో మాటాడాలమ్మా, బదులు సెప్పీవోడు మిగల్నేదు కదా అని.

అది నిజమే. కంచె వేసే నాడు ఎదురుగా కూర్చుని మాట్లాడే మనిషి ఉండాలన్నది వాళ్లు పెట్టిన నియమమే. మరునాడూ ఆ వారమంతా హైమవతి స్వయంగా ఇంటికి వచ్చి అడిగింది. బుదరి టీ ఇచ్చింది, చేతులు జోడించింది.

ఆ ఒక్క వాక్యం మాత్రం మైకులో పడింది. ఫణీంద్ర దాన్ని వేరే చేసి, ఏమీ అనకుండా సుధాకర్ చేతికిచ్చాడు. అతను రోజూ వింటాడు. చెవి దగ్గర పెట్టుకుని, నెమ్మది చేసి, ముక్క ముక్క చేసి వింటాడు. జుర్చెన్ రాళ్లనుంచి తొమ్మిది వందల ఏళ్ల కిందటి మాట రాబట్టిన మనిషి. ఇందులో మొదటి మాట తన పేరని పోల్చుకోగలిగాడు. మిగిలినది తిట్టో, దీవెనో, క్షమించానన్నదో తెలియదు.

ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక ఆ రికార్డు ఆమె ముందే పెట్టాడు. ఆమె గొంతే ఆమెకు వినిపించింది. ఏమన్నావక్కా ఆ రోజు, ఒక్కసారి తెలుగులో చెప్పు అని బతిమాలాడు.

బుదరి విన్నది. మొహంలో ఏదో కదిలి, మళ్లీ సర్దుకుంది. వంటింట్లోకి వెళ్లి కంచం తెచ్చి అతని ముందు పెట్టింది. అన్నం, పప్పు, వెదురు కొమ్ముల కూర అప్పటికే వడ్డించి ఉన్నాయి. గరిటె లోపలే వదిలి వచ్చింది.

"ఏటీ నేదు బాబూ," అంది. "తవరు తినండి."